క్లీవ్ అంటే ఏటి బావా?

మంగళవారం ఉదయం అనూరాధ పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదిన్నర క్లాసుకి ముందు, స్టాఫ్ రూములో టీ చల్లారేలోగా, ఒక ఆహ్వానపత్రం తయారుచేసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. అత్తగారికీ మావగారికీ పెళ్ళయి వచ్చే ఆదివారానికి నలభై ఏళ్ళు నిండుతాయి. విజయనగరంలో వాళ్ళ ఇంట్లోనే ముప్ఫైమందికి భోజనాలు. వంటవాళ్ళకి చెప్పడం భర్త రమేష్‌బాబు వంతు, పిలుపులు ఆమె వంతు. పెద్దవాళ్ళిద్దరికీ మాత్రం ‘ఆదివారం వస్తున్నాం, భోజనానికి ఉంటాం’ అని తప్ప ఇంకేమీ తెలియదు. వాళ్ళు ఆ గ్రూపులో కూడా లేరు.

అనూరాధ కాపురం శ్రీకాకుళంలో, ఉద్యోగం ఎచ్చెర్లలో. ఇంగ్లీషు పాఠాలు చెబుతుంది. అందుచేత అందరూ రాసే మాటలు రాయడం ఆమెకి నామోషీ. కాసేపు ఆలోచిస్తే పాత ఇంగ్లీషు వాసన ఉన్న వాక్యం ఒకటి తట్టింది. ‘ఫార్టీ ఇయర్స్, అండ్ స్టిల్ దే క్లీవ్ టు ఈచ్ అదర్.’ నలభై ఏళ్ళయినా ఇంకా ఒకరినొకరు అంటిపెట్టుకునే ఉన్నారని. ఫోనులో పూల అంచున్న కార్డు ఎంచుకుని, పెద్దవాళ్ళిద్దరి పేర్లూ వేసి, ఆ వాక్యం ఎక్కించింది. అక్షరాలు పెద్దవి చేస్తే చివరి మూడు మాటలూ పూల మీదకి పోతున్నాయి. చిన్నవి చేస్తే పెద్దవాళ్ళ కళ్ళకి ఆనవు. ఇంతలో బెల్లు మోగింది. ఆమె ఆ మూడు మాటలూ తీసేసింది. క్లీవ్ దగ్గర ఆపినా అర్థమవుతుందిలే అనుకుంది. కింద చిన్న అక్షరాలతో, ‘ఆదివారం పదకొండు గంటలకి. భోజనం ఉంటుంది. అందాకా ఈ విషయం వాళ్ళిద్దరి దగ్గరా ఎత్తవద్దు’ అని అదీ ఇంగ్లీషులోనే చేర్చి, పంపేసి, క్లాసుకి వెళ్ళిపోయింది.

గరివిడిలో గణపతిరావు అప్పుడే కాఫీ తాగి ఫోను తీశాడు. ఆయన అనూరాధ మావగారైన జగన్నాధానికి బావ, అంటే చెల్లెలు కన్యాకుమారి భర్త. ఫ్యాక్టరీ ఆఫీసులో ముప్ఫై రెండేళ్ళు ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేసి రిటైరయ్యాడు. చుట్టాల్లో ఎవరింటికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ఆయన చదివి చెబితే గాని అది వచ్చినట్టు కాదు. కార్డు ఒకసారి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

“కన్యా, ఇలా రా. మీ అన్నయ్యా వదినా విడిపోతన్నారు.”

కన్యాకుమారి చేతిలో పిండి గరిటెతోనే వచ్చింది. “ఏటీ?”

“నలభై ఏళ్ళయ్యింది, అయినా విడిపోతన్నారు అని రాసింది కోడలు. క్లీవ్ అని ఏసింది, సూడు.”

“క్లీవ్ అంటే విడిపోవడమేనా? సరిగ్గా సూడండి.”

గణపతిరావు ఫోనులో ఆ మాట కొట్టాడు. చీల్చు, నరుకు, పగులగొట్టు అని వచ్చింది. కన్యాకుమారి నమ్మలేక తన ఫోనులోనూ కొట్టించుకుంది. అదే వచ్చింది. రెండు ఫోన్లు కూడబలుక్కుని అబద్ధం చెప్పవు కదా.

“మరి భోజనాలేటండీ?”

“పెద్దమనుషులు కూకుని మాటాడాలి కదా. మద్దేన్నమైపోతాది. చదువుకున్న పిల్ల, అన్నీ ఆలోచించింది.”

“పూలు కూడా ఏసింది.”

“మర్యాద,” అన్నాడు గణపతిరావు. “వాళ్ళ దగ్గర ఎత్తొద్దని కింద రాసింది సూశావా? ఎంత నొప్పితో రాసిందో పాపం.”

మధ్యాహ్నానికి ఆ వార్త విజయనగరం నుంచి టెక్కలి దాకా ఉన్న చుట్టాలందరికీ చేరింది. గ్రూపులో మాత్రం ఎవరూ నోరెత్తలేదు. అలాంటి విషయం మీద ఏం రాస్తారు? పదకొండుమంది దణ్ణం బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. సాయంత్రం ఆ పదకొండు దణ్ణాలూ చూసి, ‘ఎంత గౌరవమో అందరికీ’ అని అనూరాధ మురిసిపోయింది.

ఎత్తవద్దన్నారు గనక ఎవరూ సంగతి ఎత్తలేదు. పలకరించవద్దని మాత్రం ఎవరూ అనలేదు. బుధవారం పొద్దున్న కన్యాకుమారి వదినగారికి ఫోన్ చేసింది.

“వదినా, నువ్వు ధైర్యంగా ఉండాలి.”

“ఎందుకే?” అంది సుభద్రమ్మ, అన్నం వార్చుకుంటూ.

“ఊరికే సెప్తన్నాను. ఏటొచ్చినా నేనున్నానని మర్సిపోకు.” ఆ వెంటనే ఫోన్ పెట్టేసింది.

ఆ పూట సుభద్రమ్మకి ఇంకో ఆరు ఫోన్లు వచ్చాయి. ఒకరు ‘అంతా దేవుడే చూసుకుంటాడు’ అన్నారు. ఇంకొకరు ‘ఆడదానికి ఏ వయసులోనైనా కష్టమే’ అన్నారు. గంటస్తంభం దగ్గర స్టీలు సామాన్ల కొట్టులో కూర్చున్న జగన్నాధానికి తొమ్మిది వచ్చాయి. శ్రీకాకుళంలో పినతండ్రి కొడుకు, ‘ఒంటరిగా ఎలాగుంటావు అన్నయ్యా? అన్నం ఎవరు వండిపెడతారు?’ అని అడిగి, జవాబు వినకుండానే నిట్టూర్చి ఊరుకున్నాడు.

జగన్నాధం బిందెల మధ్య కూర్చుని ఆలోచించాడు. పోయిన వారమే సుభద్రకి రక్తపరీక్ష చేయించారు. రిపోర్టు రమేష్ ఫోనుకే వచ్చింది. ‘ఏం లేదు నాన్నా, షుగరు కొంచెం ఉంది’ అన్నాడు వాడు. ఏమీ లేకపోతే ఈ తొమ్మిదిమందీ ఒంటరిగా ఎలా ఉంటావని ఎందుకడుగుతారు? ఆయన చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది.

సుభద్రమ్మ కూడా వంటింట్లో కూర్చుని ఆలోచించింది. నెల కిందట ఆయన కొట్టులో నిచ్చెన దిగుతూ గుండె పట్టేసిందన్నాడు. గ్యాసు అన్నారు డాక్టరుగారు. గ్యాసయితే తనని ధైర్యంగా ఉండమని ఎందుకు చెబుతారు? ఆమె లేచి, పొయ్యి మీది పులుసులో ఉప్పు వేయబోయి, మానేసింది. గుండెకి ఉప్పు మంచిది కాదు.

ఒంటిగంటకి జగన్నాధం భోజనానికి వచ్చాడు. మామూలుగా అయితే ఉప్పు ఒక రవ్వ తగ్గితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆ రోజు చప్పటి పులుసుతో నోరెత్తకుండా అన్నం తినేశాడు. పోయే మనిషి చేతివంటకి వంకలు పెట్టడమేమిటని ఆయన బాధ. ఉప్పు లేదన్న సంగతి కూడా తెలియడం లేదంటే రోగం నాలిక దాకా వచ్చేసిందని ఆమె భయం. తిన్నాక ఆయన కంచం తీసి తనే కడిగాడు. నలభై ఏళ్ళలో మొదటిసారి. పోయేముందు మనుషులకి ఇలాంటి మంచి బుద్ధులు పుడతాయని సుభద్రమ్మ ఎక్కడో విన్నది. పెరట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

గురువారం పది గంటలకి, బజారుకని చెప్పి ఆమె పైడితల్లమ్మ గుడికి వెళ్ళింది. గుమ్మం దగ్గర జగన్నాధం ఎదురయ్యాడు. ఇద్దరి చేతుల్లోనూ కొబ్బరికాయలు ఉన్నాయి.

“కొట్టు లేదేటి మీకు?”

“నీకు వంట లేదేటి?”

ఇద్దరూ ఇంకేమీ అడగలేదు. రెండు కాయలూ కొట్టించారు. రెండూ తెల్లగా, శుభ్రంగా పగిలాయి. ఒకరి ముఖం ఒకరు దొంగచూపు చూసుకుంటూ, ఎండలో ఒకే ఆటో ఎక్కి ఇంటికొచ్చారు. వాళ్ళిద్దరూ పనిదినాన పట్టపగలు కలిసి ఆటో ఎక్కి ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు. ఇంకో కారణానికైతే ఆ ప్రయాణం బాగుండేది.

శుక్రవారం గణపతిరావుకి ఓపిక చచ్చిపోయింది. ఆదివారం అందరి ముందూ తెగేలోగా తాను కలగజేసుకుని అతికించాలనుకున్నాడు. భార్యని వెంటబెట్టుకుని పదింటికల్లా బావమరిది ఇంట్లో దిగాడు. జగన్నాధం ఆ రోజు కొట్టు తెరవనే లేదు. దాంతో గణపతిరావుకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. వాకిలి ఊడుస్తున్న పనిమనిషి చిన్నతల్లి చీపురు పక్కన పెట్టి, గుమ్మం పక్కగా నిలబడింది.

“బావా, ఇలాటివి కూకుని మాటాడుకుంటే తెగుతాయి,” అన్నాడు గణపతిరావు.

జగన్నాధం కుర్చీ ఆయన దగ్గరకి జరుపుకున్నాడు. “నాకు సెప్పెయ్ బావా. ఎన్నాళ్ళన్నారు డాక్టర్లు?”

“ఎవరికి?”

“సుభద్రకి.”

వంటింటి గుమ్మంలో ఉన్న సుభద్రమ్మ మంచినీళ్ళ గ్లాసులతో అలాగే ఆగిపోయింది. “నాకేటి? జబ్బు మీకు కదా!”

“నాకేటి జబ్బు?”

“ఎవరికీ ఏ జబ్బూ లేదు,” అని కన్యాకుమారి ఏడుపు అందుకుంది. “జబ్బయినా బాగుణ్ణు. ఈ వయసులో మీరిద్దరూ విడిపోవడమేటి అన్నయ్యా!”

జబ్బు లేదన్న మాటతో ఆ ఇద్దరికీ ప్రాణం ఎంత హాయిగా కుదుటపడిందంటే, రెండో మాట చెవిన పడడానికి కొంచెం సేపు పట్టింది. పడ్డాక జగన్నాధం భార్య వైపు తిరిగాడు.

“అనూరాధకి నువ్వే సెప్పావా?”

“ఏటి సెప్పాను? మీరే సెప్పుంటారు.”

గణపతిరావు ఫోను తీసి కార్డు చూపించాడు. పూలు, ఇద్దరి పేర్లు, ఆదివారం పదకొండు గంటలు. “క్లీవ్ అంటే ఏటి బావా?” అని అడిగాడు జగన్నాధం. గణపతిరావు చెప్పాక, ఆ జవాబు తెలియకపోయినా బాగుండేది అనిపించింది ఆయనకి.

కన్యాకుమారి స్పీకర్ పెట్టి అనూరాధకి ఫోన్ చేసింది. అవతల పిల్లల గోల. పరీక్షలు జరుగుతున్నట్టున్నాయి. “అమ్మాయ్, మీ అత్తగారికి తెలిసిపోయింది,” అంది కన్యాకుమారి.

“అయ్యో! ఎవరు చెప్పేశారు పిన్నిగారూ? సరేలెండి, మావయ్యగారికి మాత్రం తెలియనివ్వకండి. ఆయన మొహం చూడాలని మా అందరికీ ఎంత సరదాగా ఉందో! ఉంటాను, హాల్లోకి వెళ్ళాలి.”

ఫోను ఆగిపోయింది. జగన్నాధం భార్యని చూసిన చూపులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. తన మొహం చూడటానికి ముప్ఫైమందిని పిలిచారు. కొడుక్కి ఫోన్ చేసి అడుగుదామంటే మనసొప్పలేదు. వాడు కూడా సరదా పడుతున్నవాళ్ళలో ఒకడై ఉంటాడు.

“అసలు నీ కష్టం ఏటి వదినా? ఇక్కడున్నోళ్ళం మనోళ్ళమే కదా, సెప్పు,” అంది కన్యాకుమారి.

సుభద్రమ్మ ‘ఏమీ లేదు’ అనబోయింది. నలభై ఏళ్ళుగా ఎవరేం అడిగినా ఆమె చెప్పే జవాబు అదే. కానీ ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడిగింది కాదు. పైగా ఇప్పుడు అడిగి, జవాబు కోసం ఆగారు. ఆమె గ్లాసులు కింద పెట్టింది.

“మాది కొత్తవలస,” అంది. అది అందరికీ తెలిసిందే. “మా డాబా మీదకెక్కితే స్టేషను కనపడతాది. రోజూ పొద్దున్నే కిరండోలు రైలు కొండల్లోకి ఎల్లిపోయేది. మా అక్కా నేనూ సూసేవోళ్ళం. కొండల మధ్య సొరంగాలుంటాయట, లోపలికెల్తే పట్టపగలే సీకటైపోతాదట. మా నాన్న ఎక్కించలేదు, మొగుడితో ఎల్దువులే అన్నాడు. పెళ్ళయిన మొదటేడు ఈయన్ని అడిగాను. వచ్చే ఏడన్నారు. తర్వాతేడు అడిగాను. వచ్చే ఏడన్నారు. ఆరేళ్ళడిగి మానేశాను.”

గణపతిరావు కొంచెం కంగారు పడ్డాడు. తాగుడూ తగాదాలూ లాంటి కష్టాలకైతే ఆయన దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. రైలుకి లేవు.

“రైలెక్కించలేదని విడిపోతావా?” అన్నాడు జగన్నాధం.

“విడిపోతానని నేనెప్పుడన్నాను? కష్టం ఏటని అడిగారు, సెప్పాను.”

“నాకు లేవా కష్టాలు? నలభై ఏళ్ళు ఏటి తెచ్చినా, చీరైనా, బంగారమైనా, కర్బూజాపండైనా, ‘అలా పెట్టండి’ అంటావు. బాగుందనవు, బాగోలేదనవు. నేను అలా పెట్టీ పెట్టీ ఉన్నాను ఇన్నేళ్ళూ.”

అది విని సుభద్రమ్మ నిజంగానే నిర్ఘాంతపోయింది. ఈ మనిషి ఇంతకాలం తన నోటివైపు చూస్తూ నిలబడేవాడని ఆమెకి తెలియదు. తెలిసి జాలిపడేలోగా, ఆ మాట ఆయన ఇన్నేళ్ళు దాచిపెట్టినందుకు కోపం ముందొచ్చింది. ఆమె లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆయన ముందుగదిలో మంచం వాల్చుకున్నాడు. అతికించడానికి వచ్చిన గణపతిరావు దంపతులు మధ్యాహ్నం బస్సుకి గరివిడి వెళ్ళిపోయారు. అప్పటిదాకా ఆ ఇంట్లో లేని ఎడబాటు వాళ్ళు బయల్దేరేసరికి తయారై ఉంది.

శనివారం ఇంట్లో మాటల్లేవు. కూరలో ఉప్పు మాత్రం తిరిగొచ్చింది.

ఆదివారం పదకొండింటికి ముప్ఫైమందీ వచ్చారు. ఎవరూ పట్టుచీర కట్టలేదు. మగవాళ్ళు హాల్లో గోడవారగా కూర్చుని నేల చూస్తున్నారు. ఆడవాళ్ళు సుభద్రమ్మ చుట్టూ చేరి ఒకరి తరవాత ఒకరు ఆమె చెయ్యి నొక్కుతున్నారు. టెక్కలి నుంచి వచ్చిన పెద్దాయన, పరామర్శకి వచ్చినట్టుగా, మంచినీళ్ళు కూడా వద్దన్నాడు. పెరట్లో వంటవాళ్ళు బూరెలు వేయిస్తున్నారు. ఆ వాసన ఎవరికీ మింగుడుపడటం లేదు.

అప్పుడు రమేష్‌బాబు రెండు గులాబీ దండలతోనూ, అనూరాధ పెద్ద కేకుతోనూ లోపలికి వచ్చారు. “సర్‌ప్రైజ్!” అని ఇద్దరూ ఒక్కసారిగా కేకపెట్టారు.

ఎవరూ కదల్లేదు. రమేష్‌బాబు నవ్వు ముఖం మీదే బిగుసుకుపోయింది. టెక్కలి పెద్దాయన లేచి, “విడిపోడానికి దండలేట్రా సిగ్గులేకుండా! కేకు కూడానా?” అన్నాడు.

“విడిపోవడమేంటి తాతయ్యా? నలభయ్యో పెళ్ళిరోజు కదా!”

అందరి తలలూ గణపతిరావు వైపు తిరిగాయి. ఆయన ఫోను తీసి గట్టిగా చదివాడు. “స్టిల్ దే క్లీవ్. నువ్వే కదమ్మా రాశావు? క్లీవ్ అంటే చీల్చడమా, కాదా?”

అనూరాధ ఫోను తీసుకుని తన కార్డు తను చూసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. “చీల్చడమే బాబాయిగారూ,” అంది మెల్లిగా. “అంటిపెట్టుకోవడం కూడా.”

“ఒకే మాటకి రెండూ ఎలాగవుతాయి?”

అనూరాధ కేకు బల్ల మీద పెట్టి, క్లాసులో చెప్పినట్టు కాకుండా, తప్పు ఒప్పుకునే మనిషిలా చెప్పింది. “అసలు అవి రెండు మాటలు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఒకటి క్లేయొవన్, అంటే చీల్చడం. కసాయి కత్తిని క్లీవర్ అనేది దాన్నుంచే. ఇంకోటి క్లివియన్, అంటే అంటుకోవడం. బంకమట్టిని క్లే అంటామే, దానికి ఇది దూరపు చుట్టమంటారు. రెండూ వేరే వేరే కుటుంబాలవి. జనం నోట్లో నలిగీ నలిగీ, అరిగీ అరిగీ, చివరికి రెండూ ఒక్కలాగే పలకడం మొదలెట్టాయి. నేను రెండోది అనుకుని రాశాను. ‘టు ఈచ్ అదర్’ అని కూడా ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. పూలు అడ్డొచ్చాయని తీసేశాను.”

గుమ్మం దగ్గర నుంచి చిన్నతల్లి అంది, “ఇందులో సిత్రమేటున్నాది? మా ఊళ్ళో మావిడికి అంటు కట్టినప్పుడు ముందు కొమ్మని సీలుస్తారు గదమ్మా. సీల్సకపోతే అంటెలాగ అంటుకుంటాది?”

అందరికన్నా ముందు టెక్కలి పెద్దాయన నవ్వాడు. తరవాత ఇల్లంతా నవ్వింది. మంచినీళ్ళు అడిగారు, బూరెలు అడిగారు. దంపతుల్ని పక్కపక్కన కూర్చోబెట్టి దండలు వేశారు. గణపతిరావు మాత్రం, ఫోనులో మొదటి అర్థం అదే వచ్చిందని ఒక్కొక్కరికీ విడివిడిగా చూపించుకుంటూ తిరిగాడు. అందరూ సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నారు, ఇద్దరు తప్ప.

చుట్టాలంతా వెళ్ళాక, అనూరాధ అత్తగారి దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకుంది. “నా వల్ల మీకెంత క్షోభ అత్తయ్యగారూ! క్షమించండి.”

“నువ్వు మంచిపనే సేశావులే అమ్మా,” అంది సుభద్రమ్మ. “నా కష్టం ఏటని ఒకరి సేత అడిగించావు. ఆ కార్డులో మాటకి రెండర్థాలన్నావు కదా. అందరూ నవ్వి, ఒకటి తీసి పక్కన పెట్టేశారు. నాకు రెండూ కావాలి.”

సోమవారం ఉదయం ఆమె చేతిసంచీలో రెండు చీరలు పెట్టుకుని కొత్తవలసలో అక్క లక్ష్మణమ్మ దగ్గరకి వెళ్ళిపోయింది. ఎప్పుడొస్తానన్నది చెప్పలేదు. ఎప్పుడొస్తావని జగన్నాధం అడగలేదు. మధ్యాహ్నానికల్లా ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. “సెప్పానా లేదా?” అన్నాడు గణపతిరావు గరివిడిలో. ఆయన గొంతులో బాధ ఉంది గానీ, పోయిన పరువు తిరిగొచ్చిన తేలిక కూడా ఉంది.

జగన్నాధం కొట్టు తెరిచాడు. బిందెలు తుడిచాడు. ఒంటిగంటకి ఇంటికి వెళ్ళి, చిన్నతల్లి వండిన కూర తిన్నాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. బాగుందని చెబుదామని తలెత్తి చూస్తే, ఆమె అప్పటికే వెళ్ళిపోయింది. అప్పుడు ఆయనకి ఒక సంగతి తట్టింది. సుభద్ర వంటని బాగుందని తను మాత్రం ఎప్పుడు అన్నాడు? ఉప్పు తక్కువైన రోజున వీధి వీధంతా వినేలా చెప్పాడు. సరిపోయిన రోజున అసలు పలకనే లేదు. నలభై ఏళ్ళలో ఎక్కువ రోజులు సరిపోయిన రోజులే.

బుధవారం పొద్దున్న కొత్తవలస ప్లాట్‌ఫాం మీద సుభద్రమ్మ టికెట్టు పట్టుకుని నిలబడి ఉంది. తోడు వస్తానన్న లక్ష్మణమ్మని మోకాళ్ళ నొప్పి ఇంట్లోనే ఆపేసింది. కిరండోలు రైలు వచ్చి ఆగింది. ఆమె ఎక్కి, వెతుక్కుని, కిటికీ పక్కన కూర్చుంది. చిన్నపిల్లలా రెండు చేతులూ కిటికీ ఊచల మీద పెట్టుకుంది. తల తిప్పి చూస్తే, పక్క సీటు ముందు జగన్నాధం నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

“మీరెలా వచ్చారు?”

“మీ అక్క ఫోన్లో సెప్పింది. మూడింటికి లేచాను. వైజాగెల్లి అక్కడే ఎక్కాను. ఇక్కడెక్కితే సీటు దొరకదన్నారు.” ఆయన ముఖం తుడుచుకున్నాడు. “పెట్టెలన్నీ ఎతుక్కుంటా వచ్చాను. నువ్వొక్కదానివీ ఎల్లాలనుకుంటే సెప్పు, పక్క పెట్టెలోకి పోతాను.”

సుభద్రమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఒకర్తీ వెళ్ళాలనే అనుకుంది నిజానికి. రాత్రంతా అదే అనుకుంది. పక్క సీటు మీది సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“కూకోండి.”

రైలు కదిలింది. శృంగవరపుకోట దాటింది. ఆమె అక్క కట్టిచ్చిన ఉప్మా పొట్లం విప్పి సగం ఆయనకి పెట్టింది. ఆయన తిని, గొంతు సవరించుకుని, పొలాల వైపు చూస్తూ, “బాగుంది,” అన్నాడు. “నేను సెయ్యలేదు,” అందామె. అయినా ఆమె ముఖం కొంచెం మెత్తబడింది. “మీరు రావడం కూడా బాగుంది,” అంది, కిటికీలోకి చూస్తూనే.

రైలు కొండెక్కడం మొదలుపెట్టేసరికి, మూడింటికి లేచిన మనిషి తల ఆమె భుజం మీదకి వాలిపోయింది. బరువైన తల. ముందు పక్కకి తోద్దామనుకుంది, తరవాత ఊరుకుంది. ఒక్కసారిగా చీకటి పడింది. పెట్టెలో పిల్లలంతా కేకలు పెట్టారు. వెలుగొచ్చింది. లోయ కింద ఎక్కడో ఒక వాగు మెరిసింది. మళ్ళీ చీకటి, మళ్ళీ కేకలు. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, మూడో సొరంగంలో సుభద్రమ్మ కూడా చిన్న కేక పెట్టింది. ఆయన గురక ఆగలేదు.

అరకు స్టేషనులో జనం దిగే హడావుడికి జగన్నాధం ఉలిక్కిపడి లేచాడు. ఆత్రంగా కిటికీలోంచి ఇటూ అటూ చూశాడు.

“సొరంగాలు వచ్చేశాయేటి?”

“అయిపోయాయి,” అంది సుభద్రమ్మ, భుజం రుద్దుకుంటూ. “మీ వాటావి కూడా నేనే సూసేశాను.”